దయారాణి అమ్మిన కెనడా

సాయంత్రం ఆరున్నరకి టొరంటోలో స్టాక్ మార్కెట్ తెరుస్తారు. అక్కడ అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. ఇక్కడ అల్ కుసైస్‌లో ఆ వేళకి డ్యూటీ బస్సులు తిరిగొస్తుంటాయి, కింద మలయాళీ హోటల్లో పరాటాలు పెనం మీద పడుతుంటాయి, మూడో అంతస్తులో ప్రేమరాజు కళ్లు మూసుకుంటాడు.

ప్రార్థన అంటాడు. అది ప్రార్థన కాదని, చూసే ధైర్యం లేకపోవడమని అతని భార్య దయారాణికి ఏడాదిగా తెలుసు. ఆ బుధవారం డయాలసిస్ వార్డులో పన్నెండు గంటల డ్యూటీ చేసి, చెప్పులు విప్పుతూ అడిగింది.

"ఎంతలో ఉంది?"

"ఇప్పుడే తెరిచారు. కాస్త స్థిరపడనీ."

"మూడేళ్ల నుంచీ స్థిరపడుతూనే ఉందండీ."

ఇంట్లో వాళ్లకి ఐదు కెనడా కంపెనీల షేర్లున్నాయి. అసలు పేర్లు ఎవరూ పలకరు. రైలు, బ్యాంకు, ఫోను, గొట్టం, ఆస్పత్రి. గొట్టమంటే చమురు పైపులైన్ల కంపెనీ. ఆస్పత్రి అంటే లేక్‌రిడ్జ్ కేర్ ఎస్టేట్స్; ఆస్పత్రి భవనాలు కట్టి అద్దెకిస్తుంది. పెట్టిన డబ్బులో సగానికి పైగా దాంట్లోనే ఉంది. ఉంది అనడం కూడా మర్యాదకే. పెట్టినదాంట్లో మూడో వంతు మిగిలింది.

"నేనొకటి ఆలోచించాను," అన్నాడు ప్రేమరాజు కళ్లు తెరిచి. "రైలు లాభంలో ఉంది, అది అమ్ముదాం. ఫోను తీసేసి ఆ డబ్బు బ్యాంకు షేర్లలో వేద్దాం. గొట్టం అలా ఉండనీ. ఆస్పత్రి మాత్రం ముట్టుకోవద్దు."

"అందులోంచి తీసి ఇందులో వేస్తే మన ఖాతాలోకి ఏమొస్తుందండీ? వీసా ఆఫీసు నవీన్ అడిగింది ఖాతాలో డబ్బు."

"అమ్మితేనే కదా దయా, నష్టం. అమ్మనంతవరకూ అది కాగితం మీదే."

"మా వార్డులో ఒకాయన ఇలాగే అనేవాడు. డయాలసిస్ మొదలెడితేనే కదా సిస్టర్, కిడ్నీలు పోయినట్టు, అని."

"ఏమయ్యాడు?"

దయారాణి బియ్యం కడగడానికి వెళ్లింది.

విషయం చిన్నదే. డిసెంబరు ఆఖర్లో కెనడా ప్రభుత్వం నుంచి దయారాణికి పిలుపొచ్చింది. నర్సుగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు, అరవై రోజుల్లోగా. అక్కడ దిగాక కుటుంబం బతకడానికి సరిపడా డబ్బు ఖాతాలో ఉన్నట్టు బ్యాంకు లెటర్ జతచేయాలి. గడువు వచ్చే శుక్రవారంతో తీరుతుంది. మార్చిలో ఆమెకి ఇంకో ఏడు నిండుతుంది, వయసుకిచ్చే మార్కులు ఇంకొన్ని తెగిపోతాయి. ఇప్పటికే గీత మీద నిలబడ్డ మార్కులవి. మళ్లీ పిలుపు రాదు. ఇక్కడ చూస్తే ఆమె పనిచేసే ఆస్పత్రి చేతులు మారింది. పాత జీతాల వాళ్లకి మార్చి తర్వాత కాంట్రాక్టు లేదని కొత్త యాజమాన్యం చెప్పేసింది. భర్త వీసా, ఎనిమిదో క్లాసు చదివే కూతురు చిన్ని వీసా, రెండూ ఆమె వీసాకే వేలాడుతున్నాయి. పాలకొల్లు తిరిగెళ్తే అక్కడి నర్సింగ్ హోములో ఇచ్చేది చిన్ని స్కూలు బస్సుకి సరిపోతుంది.

పిలుపు వచ్చిన రోజునే అమ్మేసి ఉండొచ్చు. ప్రేమరాజు వచ్చే వారం పెరుగుతుందన్నాడు. ప్రతి వారమూ అన్నాడు.

అసలు దుబాయ్‌లో ఉండే పాలకొల్లు నర్సమ్మకి కెనడా షేర్లేమిటని ఎవరైనా అడగొచ్చు. కారణం తెలివితక్కువది కాదు, అదే విచారం. 2021లో దయారాణి అక్కడి నర్సింగ్ పరీక్ష పాసైంది. ఎలాగూ వెళ్లే దేశం కదా, కూడబెట్టింది ఆ దేశం డబ్బులోనే ఉంచితే సరిపోతుందనుకున్నారు. ఊళ్లో స్థిరపడేముందు ఆ ఊళ్లో ఓ సెంటు జాగా కొనుక్కోమా, అలాగ. ప్రేమరాజు అప్పట్లో ఒక క్లినిక్‌లో ఇన్సూరెన్సు క్లెయిములు చూసేవాడు. అంకెలంటే భయం లేని మనిషి. రైలూ బ్యాంకూ వగైరా తనే ఎంచాడు. ఆస్పత్రిని ఎంచింది మాత్రం దయారాణి.

"ఆస్పత్రి భవనాలా? అయితే కళ్లు మూసుకుని కొనండి," అంది ఆ రోజు. "నా సర్వీసులో బెడ్లు ఖాళీగా ఉండటం నేను చూళ్లేదు."

కోవిడ్ వార్డు నుంచి బయటపడి ఏడాది కూడా కాలేదప్పటికి. వరండాల్లో స్ట్రెచర్ల మీద మనుషుల్ని చూసిన కళ్లు. నిండిన బెడ్డు కనపడితే నర్సుకి ఆస్పత్రి గట్టిగా ఉన్నట్టే లెక్క. ఆ భవనం ఎవరి అప్పు మీద లేచిందో, ఆ అప్పుకి వడ్డీ ఏ రేటు మీద కడుతున్నారో బెడ్డు చెప్పదు. 2022లో వడ్డీలు పెరిగాయి. లేక్‌రిడ్జ్ కట్టినవన్నీ అప్పు చేసి కట్టినవే. బెడ్లు నిండుగానే ఉన్నాయి, కంపెనీ మాత్రం నెలనెలా ఇచ్చే డివిడెండు సగానికి కోసింది. షేరు ధర మెట్లు దిగడం మొదలెట్టింది.

అక్కడితో ఆగితే నలుగురికీ వచ్చే నష్టమే ఇది. కానీ ప్రేమరాజు మొదటి డివిడెండు వచ్చిన శుక్రవారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు.

వాళ్ల తెలుగు సంఘం జెబెల్ అలీలో చర్చి ఆవరణలో ఒక హాలు అద్దెకి తీసుకుని కూడుకుంటుంది. దేశమంతా వారాంతం శని, ఆదివారాలకి మారినా వీళ్లు మాత్రం శుక్రవారం సాయంత్రాన్ని వదల్లేదు. అక్కడ జ్వరం తగ్గితే సాక్ష్యం, వీసా వస్తే సాక్ష్యం, కారు లైసెన్సు నాలుగోసారికి వస్తే పెద్ద సాక్ష్యం. ఆ రోజు ప్రేమరాజు మైకు పట్టుకుని, కోవిడ్‌లో నర్సులు పడ్డ కష్టం దేవుడు చూశాడనీ, ఆస్పత్రి ద్వారానే వాళ్ల ఇంటికి దీవెన పంపాడనీ, ఈ కంపెనీని తనకి ఆయనే చూపించాడనీ చెప్పాడు. వచ్చినదాంట్లో పదో వంతు కానుక కవరులో పెట్టాడు. హాలు హోరెత్తింది. నెల తిరక్కుండా సంఘంలో నర్సులు సగం మంది లేక్‌రిడ్జ్ కొన్నారు.

డివిడెండు వస్తే అది లెక్క. సాక్ష్యం చెప్పాక అది లెక్క కాదు. లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. దేవుడు చూపించిన షేరుని నష్టానికి అమ్మడమంటే ఎవరిది తప్పని చెప్పాలి?

పైగా 2022 ఆఖరులో క్లినిక్ వాళ్లు క్లెయిముల పని ఇంకో దేశానికి పంపించేశారు. ప్రేమరాజు ఇంట్లో కూర్చున్నాడు. చిన్నిని స్కూలు బస్సెక్కించడం, కూర తరగడం, సాయంత్రం ఆరున్నరకి ఐదు కంపెనీలకి అధిపతి కావడం. "మా ముదీర్ గారు మీటింగులో ఉన్నారు," అని దయారాణి మొదట్లో, అరబ్బు మేనేజర్ని పిలిచినట్టు, ఆటపట్టించేది. ఆ మాట అతనికి నచ్చిందని గ్రహించాక మానేసింది. షేర్లు అమ్మమనడం అతన్ని రెండోసారి ఉద్యోగం నుంచి తీసేయడమేనని ఆమెకి తెలుసు. తెలిసి అడుగుతోంది.

గురువారం ఆఫ్. మెట్రోలో బర్ దుబాయ్ వెళ్లింది. బట్టల కొట్టు పైన ఇరుకు గదిలో నవీన్ కుమార్ వీసా కాగితాల ఆఫీసు నడుపుతాడు. విజయవాడ కుర్రాడు. కంప్యూటర్లో కేలండరు తెరిచి ఆమెవైపు తిప్పాడు.

"రేపు శుక్రవారం అమ్మితే అక్కా, బుధవారానికి వాళ్లు డబ్బు విడుదల చేస్తారు. గురువారం మీ బ్యాంకులో పడాలి. శుక్రవారం పొద్దున్నే లెటర్ తీసుకుని నాకు పంపాలి. అదే ఆఖరు రోజు."

"సోమవారం అమ్మితే?"

"సోమవారం అక్కడ సెలవు. ఫ్యామిలీ డే అంట."

"ఏం డే?"

"ఫ్యామిలీ డే అక్కా. కుటుంబాలన్నీ సంతోషంగా ఉండే రోజు."

దయారాణికి నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు, కాసేపటికి నవీన్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"షేర్ల స్టేట్‌మెంట్ పెడితే ఒప్పుకోరా?"

"ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. తిప్పికొడితే మళ్లీ అడగడానికి మీకు టైమ్ లేదు. డబ్బే చూపించండి. ఎక్కడ్నుంచి వచ్చిందంటే అమ్మిన కాగితాలు ఉంటాయిగా."

"కెనడా వెళ్లడానికి ఉన్న కెనడా అంతా అమ్ముకోవాలన్నమాట."

"అంతే అక్కా. యల్లా, రేపు అమ్మేయండి."

ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పింది. ఐదూ అమ్మితే సరిపోతుంది, బొటాబొటిగా. ఆస్పత్రి ఉంచుకుంటే సరిపోదు. ప్రేమరాజు పెరుగు కలుపుకుంటూ, రేపు సంఘంలో ప్రార్థన చేసుకుని నిర్ణయిద్దామన్నాడు. యాప్ అతని ఫోన్లో ఉంది. అతని ముఖం చూపిస్తేనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఏమిటని ఎన్నోసార్లు అడిగింది. ముఖం ఉండగా అదెందుకని ఎప్పుడో మర్చిపోయాడట.

శుక్రవారం ఆమె సగం పూట డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను ఇంట్లో లేడు. మైకులు సర్దాలని చిన్నిని వెంటబెట్టుకుని ముందే జెబెల్ అలీ వెళ్లిపోయాడు. సంఘం వ్యాను కింద హారన్ కొడుతోంది. డ్రైవరు నూర్ మొహమ్మద్ కిటికీలోంచి తల బయటపెట్టి, "జల్దీ సిస్టర్, జల్దీ! ట్రాఫిక్ బహుత్ హై," అంటున్నాడు. యూనిఫాం మీదే ఎక్కేసింది.

పక్క సీట్లో రేచెల్. కాకినాడ పిల్ల, ఐసీయూ నర్సు, ప్రేమరాజుని అన్నయ్యా అంటుంది. వ్యాను షేక్ జాయెద్ రోడ్డెక్కింది. రేచెల్ మెల్లిగా అడిగింది.

"ఏంటి వదినా, అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?"

దయారాణి దాచలేదు. పిలుపు, గడువు, ఆస్పత్రి, అన్నీ చెప్పేసింది. "సంఘం ముందు సాక్ష్యం చెప్పారుగా. తనే అమ్మేస్తే, తనని నమ్మి కొన్న మీరంతా ఏమైపోతారని ఆయన బెంగ."

రేచెల్ కిటికీవైపు తిరిగింది.

"మేమెప్పుడో అమ్మేశాం వదినా."

"ఎవరు?"

"అందరం. నిరుడు ఈస్టరు ముందు. మొదట పాస్టరమ్మగారు అమ్మారు. డివిడెండు మళ్లీ కోస్తారని వాళ్ల తమ్ముడెవరో చెప్పాడంట. ఆవిడ నాకు చెప్పారు, నేను మిగతావాళ్లకి చెప్పాను."

"మాకు చెప్పలేదేం?"

"అన్నయ్య సాక్ష్యం కదా వదినా. ఎలా చెప్తాం? మనసు కష్టపెట్టుకుంటారని..."

దయారాణి ఒళ్లో చేతులు చూసుకుంది. నిరుడు ఈస్టరుకి ఆస్పత్రి ధర ఇప్పటికి రెట్టింపు. అప్పుడే అమ్మి ఉంటే ఈ డబ్బు కోసం ఇవాళ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు! ఎన్నిసార్లు వీళ్లంతా అతని చెయ్యి పట్టుకుని, మీ విశ్వాసం గొప్పది బ్రదర్, అన్నారు!

"మీరంతా కలిసి ఆయన మర్యాద కాపాడారు," అంది చివరికి. "నా ఇల్లు ముంచి."

"మీకు తెలిసే ఉంటుందనుకున్నా వదినా." రేచెల్ ఏడుస్తోంది. ఓదార్చే ఓపిక దయారాణికి లేదు.

వాళ్లు చేరేసరికి ఆరాధన మొదలైపోయింది. హాల్లో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. పాటయ్యాక పాస్టరుగారు అందర్నీ కళ్లు మూసుకోమని ప్రార్థన అందుకున్నారు. ఆయన ప్రార్థన దేశాధినేతలతో మొదలై, విమానాల్లో ప్రయాణించేవాళ్ల మీదుగా, పరీక్షలు రాసే పిల్లల వరకూ వస్తుంది. దయారాణి గోడ గడియారం చూసింది. ఆరున్నర దాటింది. టొరంటో తెరిచారు.

లేచి కుడివైపుకి నడిచింది. ఆ సంఘంలో ఆరాధన మధ్యలో ఆడమనిషి అటు వెళ్లడం ఎవరూ ఎరగరు. ఎవరూ చూడనూ లేదు, అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. మైకుల పెట్టె పక్కన ప్రేమరాజు తల వంచుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో కూర్చుని అతని చొక్కా జేబులోంచి ఫోను తీసింది. యాప్ నొక్కి ముఖానికి ఎదురుగా పెట్టింది. ఫోను వణికి, ముఖం గుర్తుపట్టలేదంది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. తెరిచిన కళ్లుంటే తప్ప అది ఒప్పుకోదు.

"ఏవండీ. కళ్లు తెరవండి."

"దయా? ఇక్కడేంటి నువ్వు? ప్రార్థన జరుగుతోంది."

"తెలుసు. మార్కెట్టూ జరుగుతోంది. సోమవారం సెలవు. ఇవాళ దాటితే ఖలాస్."

"ఇక్కడా? ఈ హాల్లోనా? ఇక్కడే నిలబడి చెప్పాను నేను." కళ్లు ఇంకా గట్టిగా మూశాడు. "నన్ను నమ్మి కొన్నారు వీళ్లంతా. నేనే అమ్మితే ఏ ముఖం పెట్టుకుని..."

చెబితే అతనిలో ఏది విరుగుతుందో దయారాణికి తెలుసు. పదహారేళ్ల కాపురంలో ఆ మనిషి దగ్గర ఇక మిగిలింది అదొక్కటే. చెప్పకపోతే ఏప్రిల్లో ముగ్గురికీ ఈ దేశం లేదు, ఆ దేశమూ లేదు.

"అందరూ అమ్మేశారండీ," అంది చెవి దగ్గర. "నిరుడే. రేచెల్, వాళ్ల గదిలో వాళ్లు, పాస్టరమ్మగారు. ఆవిడే మొదట. మీరు బాధపడతారని చెప్పలేదంట. మిగిలింది మనమొక్కళ్లమే."

ప్రేమరాజు కళ్లు తెరిచాడు.

ఆమె చేతిలోనే ఉన్న ఫోను వెంటనే తెరుచుకుంది. అతను ఫోను వైపు చూడలేదు. హాలు చూశాడు. వరసలు వరసలుగా వంగిన తలలు, బిగించిన రెప్పలు, కదులుతున్న పెదాలు. మొదటి వరసలో తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని పాస్టరమ్మగారు. ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాడు.

దయారాణి ఆస్పత్రి మీద వేలు పెట్టింది. ఎన్ని అని అడిగింది యాప్. అన్నీ. నిజమేనా అని అడిగింది. నిజమే. పోయింది. గొట్టం పోయింది. ఫోను పోయింది. బ్యాంకు పోయింది. పాస్టరుగారు ఇంకా విమానాల దగ్గరే ఉన్నారు.

"రైలు?" అన్నాడు ప్రేమరాజు.

"రైలూ."

"అదొక్కటీ ఉంచుదాం దయా. నేను చూసి కొన్నది. అదొక్కటే మంచిదైంది."

"చాలదండీ."

అతను చెయ్యి చాచాడు. లాక్కుంటాడేమో అనుకుంది. కానీ ఫోను తీసుకుని, రైలుని తనే అమ్మాడు. ధర సరిచూసి, మామూలుగా, క్లినిక్‌లో క్లెయిము మూసినట్టు.

ప్రార్థన అయింది. సాక్ష్యాలున్నవాళ్లు రావచ్చన్నారు. దయారాణి తన వైపుకి వెళ్లడానికి లేచేలోపే ప్రేమరాజు మైకు దగ్గరున్నాడు.

"అందరికీ వందనాలు. మూడేళ్ల కిందట ఇక్కడ ఒక కంపెనీ గురించి చెప్పాను. దేవుడు చూపించాడన్నాను. ఆయన చూపించలేదు. మా ఆవిడ అంది, నేను కొన్నాను. ఇప్పుడే, మీరు ప్రార్థనలో ఉండగా అమ్మేశాను. మూడో వంతుకి. మీలో ఎవరైనా ఇంకా ఉంచుకుని ఉంటే, నా మాట మీద ఉంచుకోవద్దు."

రేచెల్ పాటల పుస్తకంలో తల దూర్చింది. పాస్టరమ్మగారు కొంగు సర్దుకున్నారు. వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, అలవాటు కొద్దీ, "హల్లెలూయా" అన్నాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు అన్నారు.

బుధవారం డబ్బు విడుదలైంది. గురువారం సాయంత్రానికి గానీ ఖాతాలో పడలేదు. ఆ రోజంతా దయారాణి ఒక్కో పేషెంటుని మిషన్‌కి కలిపాక గ్లవ్స్ విప్పి, మళ్లీ ఫోను చూసుకుంది. కెనడా డాలర్లు దిర్హాములుగా మారే దారిలో బ్యాంకులు తినగా మిగిలింది, కావాల్సినదానికి వెంట్రుకవాసి పైన నిలిచింది. శుక్రవారం పొద్దున లెటర్ తీసుకుని టాక్సీలో బర్ దుబాయ్ పరిగెత్తింది. నవీన్ కుమార్ అన్నీ ఎక్కించి మీట నొక్కాడు.

"పోయిందక్కా. జవాబుకి నెలలు పడతాయి. ఆరో, ఏడో. అంతవరకూ ఒక్క ముఖ్యమైన సంగతి. ఆ డబ్బు ముట్టుకోకండి. మళ్లీ అడిగితే మళ్లీ చూపించాలి."

"నా జీతం మార్చితో ఆఖరు నవీన్."

అతను కేలండరు వైపు చూశాడు.

ఆ సాయంత్రం మళ్లీ జెబెల్ అలీ. మళ్లీ ఆరున్నర. అందరూ కళ్లు మూసుకోండన్నారు పాస్టరుగారు. దయారాణి మూసుకోలేదు. కుడివైపు చూసింది. మైకుల పెట్టె పక్కన ప్రేమరాజు కూడా కళ్లు తెరిచే ఉన్నాడు, ఖాళీ గోడవైపు చూస్తూ.

వ్యాను దిగి మెట్లెక్కుతుంటే అడిగింది. చిన్ని ముందే పైకి పరిగెత్తింది.

"ఇవాళ కళ్లు మూసుకోలేదేం?"

"మూసుకుంటే ఏప్రిల్ అద్దె కనపడుతోంది దయా," అన్నాడు.